మూడవ సాలార్‌జంగు

మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889వ సంవత్సరము జూన్ 13వ తేదీన పూనా నగరమున జన్మించెను. ముప్పది సంవత్సరములు హైదరాబాదు రాజ్యమునకు దివానుగా నుండి ప్రసిద్ధికెక్కిన మొదటి సాలార్‌జంగు ఈయన తాత. పుట్టి నెల నిండకమునుపే తండ్రి మరణించెను. తండ్రి ముఖమెరుగని ఆ బిడ్డకు వంశబిరుదమును, జాగీరును తరువాత దక్కినవి.

1912లో ఏడవ నిజాము ఈయనను దివానుగా నియమించెను. అప్పటికి ఈయనకు ఇరువది మూడేండ్లు మాత్రమే. తాతయు తండ్రియు అధిష్ఠించిన పదవి అది. అయినను 1914లో దానిని వదలుకొనెను. పిదప జీవితమంతయు కళాఖండములను, వ్రాతప్రతులను సేకరించుటయందే గడపెను. వర్తకులు దేశదేశముల వస్తువులను మూసీ తీరమునందలి దివాన్ దేవిడీకి తెచ్చెడివారు.

గడియారములన్న ఈయనకు మిక్కిలి మక్కువ. మనిషిని మించిన నిలువెత్తు గడియారములును ఆ సేకరణలో గలవు. అట్టివానిలో త్రాటికి వ్రేలాడు బరువు మెల్లగా దిగుచు చక్రములను త్రిప్పును. లోలకము ఊగుచు వాని వేగమును అదుపులో నుంచును. సంగీత గడియారములందు ముండ్లు నాటిన స్తంభము తిరుగుచుండగా ఆ ముండ్లు చిన్న సుత్తులను లేపి విడుచును. అవి గంటలపై పడి పాట పుట్టును. ఒక్క ముల్లు వంగినను స్వరము తప్పును. పనివాని నేర్పంతయు అందే యున్నది.

సేకరణలో మిక్కిలి పేరొందినది కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వారి గడియారము. దీనియందు 350కి పైగా భాగములున్నవని చెప్పుదురు. ఒక చిన్న కమ్మరి సుత్తితో క్షణములను లెక్కించుచుండును. గంట కాబోవుచుండగా తలుపు తెరచుకొని గడ్డపు బొమ్మ యొకటి వెలుపలికి వచ్చి, ఎన్ని గంటలో అన్ని దెబ్బలు కొట్టి లోనికి పోవును.

ఆయన వివాహమాడలేదు. 1949 మార్చి 2న మరణించునప్పటికి వారసత్వమునకు సంతానము లేదు. ఏండ్ల తరబడి కూర్చిన సంపద చెల్లాచెదరగునేమో యను భయము కలిగెను. ప్రభుత్వము పూనుకొని వస్తువులను కాపాడగా, 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే ప్రదర్శనశాలను ప్రారంభించెను. 1958లో కుటుంబీకులు రాజీకి వచ్చి సేకరణను భారత ప్రభుత్వమునకు అప్పగించిరి. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ అయ్యెను. 1968లో వస్తువులు మూసీ ఒడ్డుననే కట్టిన క్రొత్త భవనమునకు చేరినవి.

మెట్‌పల్లి, కోరుట్లల నుండి హైదరాబాదు చూడబోయిన పిల్లలు తక్కిన గదులను త్వరత్వరగా చుట్టివచ్చి ఆ గడియారము ముందు నిలుతురు. పగలు పన్నెండు గంటలకు జనము మరింత ఎక్కువ. అప్పుడు గడ్డపు బొమ్మ పండ్రెండు దెబ్బలు కొట్టవలెను గదా!