అక్కకు రాసిన ఉత్తరంతో మొదలైంది

తోడబుట్టిన అక్క పెళ్ళయి అత్తారింటికి వెళ్ళిపోతే ఇల్లెంత బోసిపోతుందో ఆడపిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడంటే ఫోన్లున్నాయి. నూట నలభై ఏళ్ళ కిందట, పంజాబులో ఒక చిన్నపిల్లకి అక్క పెళ్ళయి వెళ్ళిపోయింది. అక్కతో కబుర్లు ఆగిపోకూడదని ఆ పిల్ల ఉత్తరం రాయడం నేర్చుకుంది. ఆ పిల్లే పెద్దయ్యాక, ఇల్లు దాటి బయటికి రాని వేలమంది ఆడవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఒక వారపత్రిక నడిపింది. ఆవిడ పేరు ముహమ్మదీ బేగం. ఉర్దూలో పత్రికకు సంపాదకత్వం వహించిన తొలి మహిళగా ఆవిడని చెప్పుకుంటారు.

నాకు ఉర్దూ చదవడం రాదు. ఇంగ్లీషులో దొరికిన పుస్తకాల ద్వారానే ఆవిడ నాకు పరిచయం. వంటా వార్పూ అయ్యాక, పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు దొరికే ఆ గంటన్నరలో నాలుగు పేజీలు రాసుకునేదాన్ని కాబట్టి, నాలాంటి వాళ్ళకి ఈ దారి మొదట ఎవరు వేశారా అన్న కుతూహలం ఎప్పుడూ ఉండేది. అలా వెతుకుతుంటే కనిపించిన మనిషి ముహమ్మదీ బేగం.

ఆవిడ 1878 మే 22న పంజాబులోని షాపూర్‌లో పుట్టింది. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి ప్రభుత్వోద్యోగి. పరువుగల ముస్లిం కుటుంబాల్లో ఆ రోజుల్లో ఆడపిల్లలకి ఖురాన్ చదవడం నేర్పేవారు. మతానికి సంబంధించిన నాలుగు పుస్తకాలు చదివినా తప్పు లేదు. కానీ రాయడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెద్దలకి భయం. రాయడమంటూ వస్తే ఎవరికి ఏం ఉత్తరాలు రాస్తుందో, కుటుంబం పరువు ఎక్కడ పోతుందో అని! మన తెలుగిళ్ళలో మాత్రం ఈ భయం లేదా ఏమిటి? మా నాన్నమ్మ రామాయణం కూడబలుక్కుని చదివేది గానీ, సంతకం దగ్గర వేలిముద్రే వేసేది. చదవడం అంటే ఎవరో చెప్పింది వినడం. రాయడం అంటే మన మాట మనం చెప్పడం. తేడా అక్కడుంది. ముహమ్మదీ బేగం ఇంట్లో ఆ అడ్డు లేకపోవడం ఆవిడ అదృష్టం.

1897లో, పందొమ్మిదేళ్ళ వయసులో ఆవిడకి సయ్యద్ ముంతాజ్ అలీతో పెళ్ళయింది. ఆయనకి అది రెండో పెళ్ళి. మొదటి భార్య పోయింది, పిల్లలున్నారు. వయసులో కూడా ఆవిడ కంటే ఇంచుమించు పద్దెనిమిదేళ్ళు పెద్ద. ఇంతవరకూ వింటే మనకి అయ్యో పాపం అనిపిస్తుంది. కానీ ఆ పెళ్ళి అలాంటి పెళ్ళి కాలేదు. దేవబంద్‌లో మతవిద్య చదువుకున్న ముంతాజ్ అలీ లాహోర్‌లో కొంతకాలం కోర్టులో అనువాదకుడిగా పనిచేశాడు. ఆ తర్వాత సొంతంగా ప్రెస్సు పెట్టుకున్నాడు. మతగ్రంథాలు చదివిన కొద్దీ ఆయనకి ఒక సంగతి స్పష్టమైంది. ఆడవాళ్ళని తక్కువగా చూడమని మతం చెప్పలేదు, అది మగవాళ్ళు పెట్టిన ఆచారం. ఆ సంగతే హుకూక్-ఎ-నిస్వాన్ అనే పుస్తకంగా రాశాడు. అంటే స్త్రీల హక్కులు అని అర్థం.

ఈ పుస్తకం వెనుక ఒక కథ చెబుతారు. ముంతాజ్ అలీ ఆ రాతప్రతిని తీసుకెళ్ళి అలీగఢ్ విద్యాసంస్థ స్థాపకుడు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌కి చూపించాడట. ముస్లింలకి ఆధునిక విద్య కావాలని జీవితమంతా పాటుపడిన మనిషి ఆయన. ఆడవాళ్ళ హక్కులనేసరికి ఆయనకీ కోపం వచ్చింది. కాగితాలు చించి చెత్తబుట్టలో పడేశాడు. ఆయన భోజనానికి లేచాక ముంతాజ్ అలీ ఆ ముక్కలన్నీ ఏరుకుని తెచ్చుకున్నాడు. పెద్దాయన మనసు నొప్పించకూడదని ఆయన బతికున్నంత కాలం ఆగాడు. 1898లో సర్ సయ్యద్ కన్నుమూశాక ఆ పుస్తకం అచ్చయింది.

రాసింది ముందుగా ఇంట్లో ఆచరించి చూపించడం అందరి వల్లా కాదు. ముంతాజ్ అలీ ఆ పని చేశాడు. భార్యకి అరబిక్, పారశీకం తనే నేర్పించాడు. ఇంగ్లీషు నేర్చుకునే ఏర్పాటు కూడా ఇంట్లోనే జరిగింది. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే, 1898 జులై 1న తెహజీబ్-ఎ-నిస్వాన్ వారపత్రిక మొదటి సంచిక లాహోర్‌లో వెలువడింది. స్త్రీల సంస్కారం అని దాని పేరుకి అర్థం. సంపాదకురాలు ముహమ్మదీ బేగం. వయసు ఇరవై. ఇంట్లో సవతి పిల్లల ఆలనాపాలనా, సంసారం, పరదా అన్నీ ఉండగానే!

పరదాలో ఉండే ఇల్లాలు పత్రిక ఎలా నడుపుతుందని సందేహం రావచ్చు. ఇంటికి వచ్చేది టపా. ఆ ఉత్తరాలు, వ్యాసాలు చదివి, దిద్ది, తను రాయవలసింది రాసి ప్రెస్సుకి పంపాలి. ఉర్దూకి అప్పట్లో అక్షరాలు పేర్చి అచ్చేయడం తక్కువ. కాతిబ్ అనే లేఖకుడు పేజీ మొత్తం అందంగా చేత్తో రాస్తే, దాన్ని రాయి మీదికెక్కించి అచ్చేసేవారు. సంపాదకురాలు గుమ్మం దాటకపోయినా ఆవిడ మాట దేశమంతా తిరిగేది.

అయితే ఆ మాటకి దొరికిన స్వాగతం ఎలాంటిదనుకున్నారు? మొదట్లో ఎందరో పెద్దమనుషులకి పత్రికని ఉచితంగా పోస్టులో పంపారు. చాలా కాపీలు విప్పకుండానే తిరిగొచ్చాయి. కొన్నిటి మీద బూతులు కూడా రాసి పంపారు! చదువుకున్న వాళ్ళు, హోదా ఉన్న వాళ్ళు చేసిన పని అది. మూడు నెలలు గడిచేసరికి చందాదార్లు అరవై, డెబ్భై మంది. నాలుగేళ్ళ తర్వాత కూడా నాలుగు వందలు దాటలేదు.

మనకి ఇంటికొచ్చిన ఒక్క చెడ్డ ఉత్తరం చాలు, నెలరోజులు కలం ముట్టుకోబుద్ధి కాదు. కథ అచ్చయితే చుట్టాల్లో ఒకరిద్దరు దెప్పిపొడిచిన మాటే నన్ను ఎన్నాళ్ళో బాధపెట్టింది. మరి ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల వారం వారం ఆ తిట్లు చూస్తూ తర్వాతి సంచికకి ఎలా కూర్చుందో! ఆవిడ జీవితంలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఈ ఓర్పే.

తెహజీబ్‌లో ఏముండేవి? వంటలు, కుట్లు అల్లికలు, పిల్లల పెంపకం, ఇంటి లెక్కలు ఉండేవి. వాటి పక్కనే, అప్పుచేసి ఆర్భాటంగా పెళ్ళిళ్ళు చేయడం ఎందుకు, ఆడపిల్లకి చదువెందుకు చెప్పించాలి, పెళ్ళికి పిల్ల ఇష్టం అడగొద్దా లాంటి చర్చలూ ఉండేవి. ముఖ్యంగా పాఠకురాళ్ళ ఉత్తరాలు. పరాయివాళ్ళకి పేరు తెలియడం కూడా పరువు తక్కువగా అనుకునే కాలం కాబట్టి, చాలామంది ఫలానావారి అమ్మాయి, ఫలానావారి భార్య అనే సంతకం చేసేవారు. ఒక ఊళ్ళో ఆవిడ అడిగిన దానికి ఇంకో ఊళ్ళో ఆవిడ జవాబు రాసేది. ఒకరి మొహం ఒకరు చూడకపోయినా తెహజీబీ అక్కచెల్లెళ్ళమని పిలుచుకునేవారు. చిన్నప్పుడు అక్క కోసం నేర్చుకున్న ఉత్తరం ఎంతమంది అక్కలని సంపాదించిపెట్టిందో చూడండి!

ఆ ఉత్తరాల్లో ఒకటి నేను మర్చిపోలేను. 1899లో బీబీ అష్రఫ్ అనే ఉపాధ్యాయురాలు తను చదవడం, రాయడం ఎలా నేర్చుకుందో తెహజీబ్‌లో రాసింది. ఆవిడది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ ప్రాంతం. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంటికొచ్చి ఖురాన్ చదివించే పంతులమ్మ వితంతువు. ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకుందని తాతగారు చదువే మాన్పించేశాడు. ఇక ఆ పిల్ల, అందరూ నిద్రపోయే మధ్యాహ్నం వేళ, రొట్టెల పెనం అడుగున మసి గీకి సిరా చేసుకునేది. చీపురుపుల్ల కలం. పుస్తకం చూసి అక్షరాల బొమ్మలు గీసేది, కానీ తను గీసిందేమిటో తనకే తెలియదు! తర్వాత బంధువుల్లో చిన్న కుర్రాడొకడికి ఖురాన్ పాఠం చెప్పి, దానికి బదులుగా వాడి దగ్గర ఉర్దూ నేర్చుకుంది. చివరికి ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఉత్తరాలు రాసిపెట్టేది ఆవిడే అయింది. భర్త పోయాక లాహోర్‌లో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పి బతికింది. 1903లో బీబీ అష్రఫ్ చనిపోయాక ముహమ్మదీ బేగం ఆవిడ జీవితాన్ని హయాత్-ఎ-అష్రఫ్ అని పుస్తకంగా తెచ్చింది. రాజుల చరిత్రలు, మహాత్ముల చరిత్రలు రాసే రోజుల్లో ఒక మామూలు పంతులమ్మ జీవితం పుస్తకానికి తగినదే అనుకోవడం చిన్న విషయం కాదు.

1900లో ముహమ్మదీ బేగంకి కొడుకు పుట్టాడు. పేరు ఇంతియాజ్ అలీ. పిల్లాణ్ణి పెంచుతూనే పత్రిక ఆపలేదు. సరికదా, తల్లుల కోసం ముషీర్-ఎ-మాదర్ అనే ఇంకో పత్రిక కూడా మొదలుపెట్టింది. కొత్త పెళ్ళికూతుళ్ళకి రఫీక్-ఎ-అరూస్, ఒకరింటికొకరు వెళ్ళినప్పుడు మెలగవలసిన తీరుపై ఆదాబ్-ఎ-ములాకాత్ రాసింది. సఫియా బేగం, షరీఫ్ బేటీ, ఆజ్ కల్ అనే నవలలు రాసింది. పిల్ల ఊహ తెలియకముందే సంబంధం ఖాయం చేసేస్తే వచ్చే అనర్థం సఫియా బేగంలో చూపించింది.

ఈనాటి కళ్ళతో చూస్తే ఆవిడకీ కొన్ని హద్దులు కనిపిస్తాయి. ఇల్లు చక్కదిద్దుకోవడం, భర్తని సంతోషపెట్టడం గురించి చాలానే చెప్పింది. పరదా పూర్తిగా తీసేయమనలేదు. ఆవిడ పాఠకురాళ్ళు కలిగిన ఇళ్ళ వాళ్ళే. వాళ్ళ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకి ఆ పత్రిక అందలేదు. కానీ గుమ్మంలోనే ఆపేసేవాళ్ళ మధ్య గుమ్మం లోపలికి వెళ్ళాలంటే ఇంటి భాషలోనే మాట్లాడాలి కదా. ఊరగాయ పక్కన హక్కుల మాట పెట్టడం తెలివైన పనే అనిపిస్తుంది నాకు.

ఇన్ని పనులు నెత్తినేసుకున్న మనిషి 1908 నవంబర్ 2న సిమ్లాలో కన్నుమూసింది. ముప్పయ్యేళ్ళే. కొడుక్కి ఎనిమిదేళ్ళు నిండి మూడు వారాలు కూడా కాలేదు. పత్రిక నడిపింది పదేళ్ళు.

అయినా తెహజీబ్ ఆగలేదు. సవతి కూతురు వహీదా బేగం సంపాదకత్వం తీసుకుంది. సవతి తల్లి మొదలుపెట్టిన పనిని కూతురు భుజాన వేసుకోవడం కంటే ఆ ఇంటి గురించి చెప్పేదేముంది? ఆ తర్వాత కొడుకు ఇంతియాజ్ అలీ తాజ్ కూడా ఆ పత్రిక బాధ్యత చూశాడు. ఆయన 1922లో రాసిన నాటకమే అనార్కలి. 1960లో వచ్చిన మొఘలే ఆజమ్ సినిమాకి అదే ఆధారం. ఆయన భార్య హిజాబ్, అంటే ముహమ్మదీ బేగం చూడని కోడలు, మన హైదరాబాద్‌లో పుట్టింది. రచయిత్రిగా పేరు తెచ్చుకోవడమే కాకుండా 1936లో విమానం నడిపే లైసెన్సు సంపాదించింది. అత్తగారు పరదాలో ఉండి పత్రిక నడిపితే, కోడలు ఆకాశంలో విమానం నడిపింది!

ముంతాజ్ అలీ పిల్లల కోసం పెట్టిన ఫూల్ పత్రికకి మొదటి సంపాదకురాలు నజర్. ఆవిడ తెహజీబ్‌లో రాస్తూ ఎదిగిన అమ్మాయి. నజర్ కూతురే కుర్రతులైన్ హైదర్. బొంబాయిలో ఇంగ్లీషు పత్రికల్లో పాత్రికేయురాలిగా పనిచేసి, ఉర్దూలో జ్ఞానపీఠం అందుకుని, తన నవల ఆగ్ కా దరియాని తానే ఇంగ్లీషులోకి తెచ్చిన రచయిత్రి ఆవిడ. ఇటు మన హైదరాబాద్‌లో కూడా సుగ్రా హుమాయూన్ మీర్జా స్త్రీల కోసం అన్నిసా అనే ఉర్దూ పత్రిక నడిపింది. ముహమ్మదీ బేగం ఒంటరిగా మొదలుపెట్టిన పని అప్పటికి ఒంటరి పని కాదు. తెహజీబ్-ఎ-నిస్వాన్ ఇంచుమించు యాభై ఏళ్ళు నడిచి, దేశ విభజన తర్వాత ఆగిపోయింది.

కాగితాల మీద బూతులు రాసి పంపిన పెద్దమనుషుల పేర్లు ఇవాళ ఎవరికీ తెలియవు. పెనం మసితో అక్షరాలు దిద్దిన బీబీ అష్రఫ్ పేరు మాత్రం మిగిలింది. ఒక సంపాదకురాలు దాన్ని అచ్చు వేసింది కాబట్టి. మీ ఇంట్లో కూడా అమ్మమ్మో నాన్నమ్మో ఉంటే, రాయడం ఎలా నేర్చుకున్నారో, నేర్చుకోకపోతే ఎవరు వద్దన్నారో ఒకసారి కూర్చోబెట్టి అడగండి. చెప్పింది చెప్పినట్టు ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. ఆవిడ తర్వాత చెప్పేవాళ్ళు ఉండరు.