డార్విన్ మహాశయుడు - నెమలిపింఛము

చార్లెస్ డార్విన్ 1809 వ సంవత్సరము ఫిబ్రవరి 12 వ తేదీన ఇంగ్లండు దేశమందలి ష్రూస్‌బరీ పట్టణమున ఒక ధనిక వైద్యుని యింట జన్మించెను. ఎనిమిదేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. తండ్రి వైద్యవిద్యకు పంపగా, శస్త్రచికిత్సలను కన్నులార చూడజాలక విడిచివచ్చెను. మతాచార్యుడగుటకై కేంబ్రిడ్జికి పంపగా, అచ్చట పురుగులను పట్టి దాచుటయందే మిక్కిలి శ్రద్ధ చూపెను. 1831 లో బీగిల్ అను ఓడపై ప్రపంచయాత్ర చేయు అవకాశము లభించెను. ఆ ఓడ నాయకునకు ముఖలక్షణములపై నమ్మకము మెండు. డార్విన్ ముక్కును చూచి యీతడు యాత్రకు పనికిరాడేమోయని యాయన సంశయించెనట! ఆ ముక్కే అడ్డుపడియున్నచో శాస్త్రలోకమున కెంత నష్టము కలిగెడిదో!

అయిదేండ్ల యాత్ర ముగించి వచ్చిన పిమ్మట, 1838 లో, పెండ్లియాడుట మేలా కాదా యని లాభనష్టములను కాగితముపై రెండు వరుసలుగా వ్రాసికొని తర్కించుకొనెను. మరుసటి యేడు మేనమామ కూతురగు ఎమ్మాను వివాహమాడెను. మేనరికము మనదేశమున వలెనే అచ్చటను కలదు.

1859 లో వెలువడిన గ్రంథమున, బ్రదుకుటకు తోడ్పడు గుణములుగల ప్రాణులే యెక్కువగా నిలిచి, ఆ గుణములను సంతతికి సంక్రమింపజేయునని నిరూపించెను. కాని నెమలిపింఛము ఆయనను వేధించెను. అంతటి బరువును ఈడ్చుకొనుచు తిరుగుట పులివాత పడుటకే గాని ప్రాణరక్షణకు గాదు గదా! నెమలి యీకను చూచిన తనకు వికారము పుట్టుచున్నదని 1860 లో ఒక మిత్రునకు వ్రాసెను.

అందులకు పూర్ణమైన సమాధానము 1871 లో, మానవుని పుట్టుకను గూర్చి రెండు సంపుటములుగా ప్రకటించిన గ్రంథమున నొసగెను. ప్రాణి బ్రదికినంత మాత్రమున చాలదు. జోడు దొరకనిచో దాని వంశము నిలువదు. కావున మగజింకలు కొమ్ములతో పోరాడును. మగనెమళ్లు పురివిప్పి ఆడుదాని మెప్పు కోరును. ఆడునెమళ్లు తరతరములుగా సొగసుగల వానినే వరించుటచేత పింఛ మింతగా పెరిగెను. దీనికే లైంగిక వరణమని పేరు.

ఆడుపక్షికి అభిరుచియా, ఎన్నుకొను శక్తియా యని పండితు లనేకులు నవ్విరి. ప్రకృతి వరణమును స్వతంత్రముగా కనుగొనిన వాలెస్ సైతము ఈ విషయమున డార్విన్‌ను విడిచెను.

మానవజాతు లన్నియు ఒకే మూలమునుండి పుట్టినవనియు, వేర్వేరు దేశములవారి సౌందర్యభావములు వేరగుటచేతనే మేనిరంగు మున్నగు భేదములు కలిగెననియు ఆయన భావించెను. బానిసత్వమును జన్మమంతయు ద్వేషించిన వానికి ఈ యేకమూలవాదము ప్రియమగుట సహజమే. అయితే మేనిరంగునకు ముఖ్యకారణము ఎండతీవ్రతయని పిమ్మట తేలినది. అంతకంటె పెద్దలోపము వేరొకటి కలదు: ఆడునెమలికి ఎన్నుకొను అధికారమిచ్చిన యీ మహనీయుడు, మనుష్యులలో మాత్రము ఆ పెత్తనము విశేషముగా పురుషునిదే యనెను, స్త్రీ బుద్ధి పురుషుని బుద్ధికంటె తక్కువయనియు వ్రాసెను. ఆ గ్రంథపు వ్రాతప్రతిని దిద్దినది ఆయన కుమార్తె హెన్రియెట్టాయే యగుట గమనార్హము!

పండితు లెంత కాదన్నను, ఆయన పట్టు సడలలేదు. 1882 ఏప్రిల్ 18 న లండను జంతుశాస్త్ర సంఘమున చదువబడిన చిన్న వ్యాసమునందు తన విశ్వాసమును మరల ప్రకటించెను. మరునాడే డౌన్ గ్రామమందలి స్వగృహమున కన్నుమూసెను.

సరిగా నూరేండ్లకు, 1982 లో, మాల్టే ఆండర్సన్ అను స్వీడను శాస్త్రజ్ఞుని పరిశోధన ప్రకటితమయ్యెను. కెన్యాలో విడోబర్డ్ అను పక్షుల మగవానిలో కొన్నింటి తోకలను కత్తిరించియు, కొన్నింటికి ఈకలంటించి పొడిగించియు ఆయన పరీక్షించెను. పొడుగుతోక వానికే ఆడుపక్షులు ఎక్కువగా చేరి గూళ్లు కట్టుకొనెను.