రైల్వే గుత్తేదారు వేసిన విమాన పునాది

కలైకుండ స్థావరపు యుద్ధవిమానాల మోత మా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలకు కొత్త కాదు. వాటిని చూస్తే నాకు వాల్‌చంద్ హీరాచంద్ గుర్తొస్తారు. 1882లో షోలాపూర్‌లో పుట్టిన ఆయన రైల్వే కాంట్రాక్టులతో ఎదిగి, భోర్‌ఘాట్ సొరంగాలు తవ్వించారు. మైసూరు సంస్థానం భూమి, పెట్టుబడి ఇవ్వడంతో 1940లో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ స్థాపించారు. 1941లో తొలి శిక్షణ విమానం ఎగిరింది. అదే ఏడాది విశాఖలో ఆయన నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1942లో బ్రిటిష్ ప్రభుత్వం విమాన కర్మాగారంలో ఆయన వాటా కొనేసింది. తయారీ వెనకబడి, యుద్ధవిమానాల మరమ్మతులే ముఖ్యమయ్యాయి. 1948లో విశాఖలో ‘జల ఉష’ జలప్రవేశం చూసిన ఆయన, 1953లో కన్నుమూశారు.

ఆదిబట్ల వంటి ఏరోస్పేస్ పార్కులకు ఇదే పాఠం: భూమి, షెడ్లు ఆరంభం మాత్రమే. నిలకడైన ఆర్డర్లు, సొంత డిజైన్లు లేకపోతే మనకు మిగిలేది కూలి పనే.