రహీం సాహెబ్

ఆటలో గెలిచినవారి పేర్లు లోకం త్వరగా నేర్చుకుంటుంది. వారిని తీర్చిదిద్దిన గురువు పేరు మాత్రం మరుగున పడిపోతుంది. అటువంటి గురువు సయ్యద్ అబ్దుల్ రహీం.

ఆయన 1909లో హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఫుట్‌బాల్ ఆడాడు. తరువాత బడిపంతులయ్యాడు. పాఠం చెప్పే ఓర్పునే మైదానానికీ తెచ్చాడు. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకొంది.

దేవనహళ్ళి మైదానంలో ఆడే పిల్లలను గమనించండి. చాలామంది బంతిని కుడికాలితోనే తంతారు. రహీం ఈ లోపాన్ని గుర్తించాడు. బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమంతో పోటీలు పెట్టాడు. బంతిని తన దగ్గరే అట్టే పెట్టుకోక వెంటనే తోటివానికి అందించాలని మరికొన్ని పోటీలు నడిపాడు. ఒక్కడి నేర్పుకన్న పదకొండుమంది పొందిక మేలని ఆయన నమ్మకం.

సికింద్రాబాదు పేద కుర్రవాడు తులసీదాస్ బలరామ్‌లోని ప్రతిభను ఆయన పసిగట్టాడు. శిక్షణకు వచ్చేందుకు సైకిలు అద్దె కూడా తానే ఇచ్చాడు. ఆ కుర్రవాడు తరువాత దేశం తరఫున ఆడాడు.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో రహీం జట్టు బంగారు పతకం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మనవారిలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. ఆ ఓటమి నుండి పాఠం నేర్చుకొని, బూట్లతో ఆడటం అలవరచుకొన్నారు. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4-2తో ఓడించి, ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచారు.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో తొలి ఆట దక్షిణ కొరియాకు పోయింది. తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసలో ఆడించాడు. ప్రేక్షకులు మనకు ఎదురుగా కేకలు వేస్తున్నా, ఫైనల్లో అదే కొరియాను మనవారు 2-1తో గెలిచారు. ఆ రెండు గోల్సులో ఒకటి జర్నైల్‌దే!

ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం కన్నుమూశాడు. ఆ తరువాత భారత జట్టు ఆసియా క్రీడల్లో మళ్ళీ బంగారు పతకం పొందలేదు. గురువు విలువ ఎంతటిదో దీనివల్ల తెలుస్తుంది.