జేమ్సు మరే స్పాంగ్లరు

ధూళిని పీల్చు యంత్రమును, అనగా వాక్యూం క్లీనరును, మా చదువరులలో చాలమంది చూచియే యుందురు. రాతిబండలును సిమెంటు నేలలును గల మన యిండ్లలో నేటికిని చీపురే రాజ్యమేలుచున్నను, పట్టణములలో తివాచీలును మెత్తని కుర్చీలును గల యిండ్లకు ఈ యంత్రము వచ్చి చేరినది. కొనువారికి దానిమీది కంపెనీ పేరు తెలియును; అట్టి యంత్రమును చేతికందిన వస్తువులతో మొదట కూర్చిన ముసలి యూడ్పు పనివాని పేరు మాత్రము తెలియదు. ఆతని చరిత్రమును మాకు తెలిసినంతవఱకు ఇచ్చట వ్రాయబూనితిమి.

స్పాంగ్లరు 1848వ సంవత్సరము నవంబరు 20వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని పెన్సిల్వేనియాయందు జన్మించెను. బాల్యముననే కుటుంబముతో ఒహాయో రాష్ట్రమునకు వచ్చి అచ్చటనే పెరిగెను. జీవనమునకై సరకు లమ్ముచు తిరిగినను ఆతని మనస్సు ఎల్లప్పుడును యంత్రములమీదనే యుండెడిది. 1887లో ధాన్యపు కోతయంత్రమునకును, 1893లో ఎండుగడ్డిని తిరుగవేసి ప్రోగుచేయు పనిముట్టునకును, 1897లో కాళ్లతో త్రొక్కి నడపు నొక బండికిని పేటెంట్లను సంపాదించెను. ఈ మూటిలో నొక్కటియు ఆతనికి నిలుకడయైన యాదాయము నీయలేదు. గడ్డి పనిముట్టును తయారుచేయుటకై పెట్టిన కంపెనీయు నిలువలేదు. యుక్తి గలవానికి వ్యాపారము కూడ రావలెనను నియమ మెక్కడను లేదు గదా!

ఈ విధముగా వయస్సు గడచిపోయెను. 1907లో, అఱువదియేండ్లకు దగ్గఱపడిన ప్రాయమున, ఆతడు కాంటన్ పట్టణములోని జాలింగరు వారి పెద్ద యంగడిలో రాత్రివేళ ఊడ్చి తుడుచు పనిలో నుండెను.

ఆ కాలమున తివాచీల నూడ్చుటకు 1876లో బిస్సెల్ అను నాతడు కల్పించిన రకపు చేతిపెట్టె వాడుకలో నుండెను. దానిని ముందుకు త్రోసినపుడు చక్రములతోపాటు లోపలి కుంచె తిరిగి చెత్తను పెట్టెలోనికి నెట్టును. చెత్త పెట్టెలో పడును గాని సన్నని దుమ్ము గాలిలోనికి లేచును. స్పాంగ్లరునకు ఉబ్బసవ్యాధి యుండెను. ఆ దుమ్ములో పనిచేయుటచే దగ్గు తెరలు తెరలుగా వచ్చెడిది. పని మానినచో పొట్ట గడవదు. మానకున్నచో ఊపిరి యాడదు. ఈ సంకటమునుండియే యంత్రము పుట్టినది.

ఆతడు కూర్చుకొన్న సామగ్రిని చూడుడు: పంకాలోని విద్యుత్ మోటారు, రేకు సబ్బుపెట్టె, చీపురుకఱ్ఱ, దిండు గలీబు. మోటారు తిరిగినపుడు ఱెక్కలు పెట్టె క్రిందినుండి గాలిని లోనికి లాగి, వెనుకనున్న గలీబులోనికి విసరును. గుడ్డనేతలోని సందులగుండ గాలి వెలికి పోవును. దుమ్ము లోపలనే నిలుచును. చీపురుకఱ్ఱ పట్టుకొని త్రోయుటకు పిడి యయ్యెను. ఇంతటితో నిలిచినచో అది గాలిని లాగు పెట్టె మాత్రమే యగును. స్పాంగ్లరు ఆ మోటారునుండియే యొక పట్టీని తగిలించి, ముందుభాగమున నొక గుండ్రని కుంచెను త్రిప్పెను. తివాచీ లోతున దిగిన మట్టిని కుంచె కదలించును. కదలినదానిని గాలి లాగుకొనును. మా యభిప్రాయమున ఆతని ప్రజ్ఞ యంతయు ఈ పట్టీలోనే కలదు.

ఇంతకుముందే, 1901లో, లండను నగరమున హ్యూబర్టు సెసిల్ బూత్ అను ఇంజనీరు ధూళిని పీల్చు యంత్రమును నిర్మించియుండెను. కాని యది గుఱ్ఱపు బండిమీద వీధిలో నిలిచి, కిటికీలగుండ పొడవైన గొట్టములను లోనికి పంపి పనిచేసెడిది. స్పాంగ్లరు యంత్రమునో, ఇంటిలో నొక్కరే త్రోసికొనిపోవచ్చును.

ఇచ్చట మా యనుభవ మొకటి చెప్పుట యప్రస్తుతము కాదని తలచుచున్నాము. మా బంధువులయింట ఇట్టి కుంచెగల నిలువు యంత్రమొకటి కలదు. ఒకనాడు మోటారు మ్రోగుచున్నను దుమ్ము మాత్రము ఎత్తదయ్యెను. బాగుచేయుటకు తీసికొనిపోగా దుకాణమువారు దానిని పారవేసి క్రొత్తది కొనుమనిరి. మేము దానిని ఇంటికి తెచ్చి, ప్లగ్గు ఊడదీసి, బోర్లించి, అడుగురేకు మఱలను విప్పి చూచితిమి. కుంచెకు వెండ్రుకలును దారములును చుట్టుకొనియుండెను. రబ్బరు పట్టీ సాగి వదులైపోయెను. పాత యంత్రముల భాగములమ్ము నొక చిన్న యంగడికి ఆ పట్టీనే తీసికొనిపోయి, దానిమీది సంఖ్యను చూపి, సరిపోవుదానిని స్వల్పమైన వెలకు కొంటిమి. యంత్రము నేటికిని పనిచేయుచున్నది. పట్టీలేని గొట్టపు రకములలోనైనను, లాగుడు తగ్గినపుడు మొదట సంచిని, వడపోత గుడ్డను, గొట్టమును చూడవలెను. మోటారులోని బొగ్గుముక్కలు అరిగినచో వానిని మార్చుకొనవచ్చును. గలీబుతోను సబ్బుపెట్టెతోను పుట్టిన యంత్రమును ఒక్క పట్టీ తెగినదని చెత్తకుప్పలో వేయుట చూచినపుడు మాకు ఆ ముసలివాడు జ్ఞప్తికి వచ్చును.

ఇక కథకు వత్తము. స్పాంగ్లరు 1907 సెప్టెంబరులో పేటెంటునకు అర్జీ పెట్టుకొనగా, 1908 జూను 2వ తేదీన 8,89,823వ సంఖ్యగల పేటెంటు లభించెను. ఇంటివారే పనివారు: కుమారుడు యంత్రములను కూర్చుటలో తోడ్పడెను, కుమార్తె సంచులను సిద్ధపఱచెను. వారమునకు రెండు మూడు కంటె ఎక్కువ తయారు కాకుండెను. మూలధనము లేదు. మునుపటి మూడు యంత్రముల గతియే దీనికిని పట్టునట్లుండెను.

అట్టి సమయమున పరిచయస్థురాలగు సుసాన్ హూవరు అను నామె ఆ యంత్రమును తన యింట వాడి చూచి ముచ్చటపడి, భర్తకు చెప్పెను. ఆమె భర్త విలియము హెన్రీ హూవరు, కాంటనుకు సమీపమున న్యూ బెర్లిన్ అను నూరిలో గుఱ్ఱపు జీనులు మొదలగు తోలు సామానులు చేయించు వర్తకుడు. మోటారుబండ్లు వచ్చుచుండుటచే జీనుల వ్యాపారమునకు ముందుదినములు మంచివి కావని ఆతడు గ్రహించియుండెను. 1908లోనే పేటెంటును కొని, తోలు కార్ఖానాలో నొక మూలను ఈ పనికి కేటాయించెను. ఆ సంవత్సరము డిసెంబరులో నొక పెద్ద వారపత్రికలో ప్రకటన వేయించి, కోరినవారికి పదిదినములు ఉచితముగా వాడిచూచు నవకాశ మిచ్చెను. వ్యాపారము వృద్ధియయ్యెను. కాలక్రమమున ఇంగ్లండులో నేల నూడ్చుట యను క్రియకే హూవరు పేరు వాడుకలోనికి వచ్చెను. స్పాంగ్లరు పేరు ఏ క్రియకును రాలేదు.

అయినను హూవరు ఆతనిని విడిచిపెట్టలేదు. పనిలో నుంచుకొని, అమ్మిన యంత్రములపై భాగము నిచ్చుచుండెను. స్పాంగ్లరు తన యంత్రమును ఇంకను బాగుచేయుచునే యుండెను. 1915 జనవరిలో, జీవితమున మొట్టమొదటి సెలవు పుచ్చుకొని ఫ్లారిడాకు బయలుదేరుటకు అంతయు సిద్ధమైనది. ప్రయాణమునకు ముందుదినమున, జనవరి 22వ తేదీన, ఆతడు మరణించెను. పేటెంటు గడువు తీఱిన 1925 వఱకు ఆతని భాగము కుటుంబమునకు ముట్టుచునే యుండెను.