కార్‌స్టెన్ సోల్‌హైమ్

ఆడలేక మద్దెల ఓడు అను సామెత మన దేశమున పసివారికిని తెలిసినదే. తన చేతగానితనమును ఒప్పుకొనలేక పనిముట్టుపై నెపము వేయువారిని గూర్చి పెద్దలు ఈ మాట చెప్పుదురు. ఐనను మద్దెల నిజముగ ఓడైన వేళలును కలవు. అట్టివేళ దానిని ఎత్తి పాఱవేయక, లోపమెచ్చట నున్నదో పరీక్షించి, అందఱకును పనికివచ్చునట్లు బాగుచేసినవాడు ఉపకారి యగును. గోల్ఫు క్రీడలో అట్టి ఉపకారము చేసినవాడు కార్‌స్టెన్ సోల్‌హైమ్.

సోల్‌హైమ్ 1911వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన నార్వే దేశమందలి బెర్గెన్ పట్టణమున జన్మించెను. అతని తండ్రి పాదరక్షలు కుట్టి జీవించువాడు. కొడుకు పసివాడై యుండగానే ఆ కుటుంబము సముద్రము దాటి అమెరికాకు వలసపోయి, పడమటి తీరమందలి సియాటిల్ నగరమున స్థిరపడెను. కార్‌స్టెన్ 1931లో అచ్చటనే ఉన్నత పాఠశాల విద్య ముగించెను. యంత్రశాస్త్రము నేర్చి ఇంజనీరు కావలెనని అతని కోరిక. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున చేరెను గాని, ఆ కాలమున ఆర్థికమాంద్యము అమెరికా దేశము నంతటిని క్రుంగదీయుచుండెను. ఒక్క సంవత్సరము గడచునప్పటికి చదువునకు ధనము లేకపోయెను. అతడు విద్య విడిచి, తండ్రివలెనే చెప్పుల మరమ్మతు వృత్తిని చేపట్టెను. చేయి చేయు పనిని కన్ను శ్రద్ధతో గమనించుట ఆ వృత్తి నేర్పు మొదటి పాఠము.

1936లో అతడు లూయీజ్ అను యువతిని వివాహమాడెను. సంసారము పెరుగుచుండగా వంటపాత్రలు విక్రయించు పనియు చేసెను. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినపుడు పరిశ్రమలకు ఇంజనీర్లు కావలసివచ్చిరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నడపిన అనుబంధ తరగతులలో సోల్‌హైమ్ ఆగిన చదువును మరల సాగించెను. శాన్ డియాగో నగరమందలి రయాన్ విమాన సంస్థలో చేరి, ఫైర్‌బాల్ అను యుద్ధవిమాన నిర్మాణమున పనిచేసెను. 1953లో సుప్రసిద్ధమైన జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థలో ఇంజనీరుగ ప్రవేశించెను. పేదఱికము ఆపివేసిన కోరిక ఇరువది ఏండ్ల పిమ్మట ఇట్లు నెరవేఱెను.

మరుసటి యేడు తోడి ఉద్యోగులు అతనిని గోల్ఫు ఆటకు పిలిచిరి. అప్పటి కతని వయస్సు 42 ఏండ్లు. ఈ ఆటను చూచి యెఱుగనివారు దాని తీరును కొంత తెలిసికొనవలయును. విశాలమైన పచ్చిక మైదానమున 18 గుంటలుండును. ఒక్కొక్క గుంట వెడల్పు 4.25 అంగుళములు మాత్రమే. వందల గజముల దూరమునుండి చిన్న బంతిని కఱ్ఱతో కొట్టుచు, వీలైనంత తక్కువ దెబ్బలతో దానిని గుంటలో పడవేయవలయును. గుంట చుట్టును పచ్చికను నున్నగ కత్తిరించి యుంచుదురు. బంతి అచ్చటికి చేరిన పిమ్మట దానిని గాలిలోనికి లేపక నేలమీద దొర్లించుటకు ప్రత్యేకమైన కఱ్ఱ యొకటి కలదు. దానిని పటరు అందురు. దూరపు దెబ్బకు బలము కావలయును. పటరు దెబ్బకు నిదానము కావలయును. 72 దెబ్బలలో ముగింపవలసిన ఆటయందు 36 దెబ్బలు పటరునకే లెక్క కట్టియుందురు. రెండు వందల గజముల దెబ్బయు ఒక్కటియే, రెండడుగుల దెబ్బయు ఒక్కటియే. తుదిని బంతి గుంట ప్రక్కగా దొర్లిపోయినచో అంతవఱకు పడిన శ్రమ వ్యర్థమగును.

సోల్‌హైమ్‌నకు పటరు ఎంతమాత్రము పట్టుబడలేదు. ఒకే విధముగ కొట్టుటకు యత్నించినను బంతి ఒకమాఱు కుడికి, ఒకమాఱు ఎడమకు పోవుచుండెను. మఱియొకడైనచో తన చేతిని నిందించుకొనియుండును, లేదా ఆటనే మానియుండును. అతడు ఇంజనీరు గావున, తప్పు చేతిదో కఱ్ఱదో పరీక్షింప మొదలిడెను.

ఆనాటి పటరులలో పెక్కింటికి సన్నని లోహపు తల యుండెను. బంతి ఆ తలకు సరిగ నడుమ తగిలినచో తిన్నగ పోవును. కొంచెము ప్రక్కకు తగిలినను, ఆ తాకిడికి తల ఇంచుక తిరిగిపోవును. దానితో బంతి దారి తప్పును. వేగమును కోల్పోయి గుంటకు ఇవతలనే నిలిచిపోవును. మనుష్యుని చేయి యంత్రము కాదు. ప్రతిమాఱును నడుమనే తగులునట్లు కొట్టుట ఉత్తమ క్రీడాకారులకును సాధ్యము కాదు. కావున తప్పే జరుగరాదని కోరుటకంటె, జరిగిన తప్పునకు ఫలము స్వల్పమగునట్లు కఱ్ఱను మార్చుట మేలని సోల్‌హైమ్ గ్రహించెను.

అందులకు ఉపాయము బరువు నుంచు చోటులో కలదు. కావడిబద్దను తలచుకొన్నచో ఈ సూత్రము సులభముగ బోధపడును. బరువు నంతటిని బద్ద నడుమ బిగించి కట్టినచో దానిని ఇటునటు త్రిప్పుట సులభము. ఆ బరువునే రెండు భాగములు చేసి రెండు కొనలయందు కట్టినచో త్రిప్పుట కష్టము. తిరుగు కేంద్రమునకు రెండింతల దూరమున నుంచిన బరువు, తిరుగుటకు నాలుగింతలుగ అడ్డుపడునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. గోల్ఫు కఱ్ఱ తలయందు ఒక కొనను మడమ యనియు, రెండవ కొనను వ్రేళ్ళ కొన యనియు వాడుదురు. సోల్‌హైమ్ తల నడుమనున్న లోహమును తగ్గించి ఆ రెండు కొనలకు చేర్చెను. చక్కెర బిళ్ళలను ఐస్‌క్రీము పుల్లలకు జిగురుతో అతికించి అతడు తొలి నమూనా చేసెనని చెప్పుదురు.

అప్పటికి అతడు కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీయందు కాపురముండెను. పగలు ఉద్యోగము చేసి, తీఱిక వేళల ఇంటి కారుషెడ్డులో పటరు పని సాగించుచుండెను. 1959లో తయారైన ఆ పటరుతో బంతిని కొట్టగా, చిఱుగంట మ్రోగినట్లు పింగుమని ధ్వని పుట్టెను. ఆ ధ్వనియే పటరునకు పేరయ్యెను. తరువాత అతని సరకు లన్నిటికిని అదియే పేరయ్యెను.

చూపునకు ఆ పటరు వింతగ నుండెను. దాని రూపమును, మ్రోతను చూచి పేరుపొందిన ఆటగాండ్రు పలువురు దానిని చేతబట్టుటకు వెనుకాడిరి. సోల్‌హైమ్ పోటీలు జరుగు చోట్లకు పటరులను తానే మోసికొనిపోయి, ఒక్కొక్కరికి చూపి, పరీక్షింపుమని కోరుచుండెను. 1961లో ఉద్యోగము ఆరిజోనా రాష్ట్రమందలి ఫీనిక్స్ నగరమునకు మాఱగా, కారుషెడ్డు పనియు అచ్చటికి మాఱెను. కుమారులు పనిలో తోడ్పడిరి; భార్య లెక్కలు వ్రాసెను. 1962లో జాన్ బార్నమ్ అను ఆటగాడు లూసియానా రాష్ట్రమున కేజన్ క్లాసిక్ పోటీని పింగు పటరుతో గెలిచెను. 51 ఏండ్ల వయస్సున అతనికి అది తొలి గెలుపు. పెద్ద ఆటగాండ్ర పోటీలలో పింగు పటరునకును అదియే తొలి గెలుపు.

అయినను సోల్‌హైమ్‌నకు తృప్తి కలుగలేదు. 1966లో ఒక నూతన రూపము మనస్సున తోచగా, చేతికందిన గ్రామఫోను పలక కవరుపైననే దానిని గీసెనట. ఈ పటరు బరువు రెండు కొనలయందును క్రిందిభాగమునను చేరియుండెను. తలను కాడతో కలుపు మెడను వంచి, ఆటగాని చేతులు తలకంటె కొంచెము ముందుండునట్లు అమర్చెను. అందుచే తల ఏ దిక్కునకు తిరిగియున్నదో స్పష్టముగ కనబడెను. దీనికి జవాబు అను అర్థము గల ఆన్సర్ అను పేరు పెట్టుమని భార్య సూచించెను. ఇంగ్లీషున ఆ మాట నంతటిని చెక్కుటకు పటరుపై చోటు చాలలేదు. పలుకునపుడు వినబడని అక్షరము నొకదానిని విడిచివేయుమని ఆమెయే ఉపాయము చెప్పెను. 1967లో ఈ పటరునకు పేటెంటు లభించెను.

ఆ యేడే సోల్‌హైమ్ సాహసమైన నిర్ణయము చేసెను. 55 ఏండ్ల వయస్సున, నెలనెలకు జీతము వచ్చు ఉద్యోగమును విడిచి, కార్‌స్టెన్ నిర్మాణ సంస్థను స్థాపించెను. ఆ సంవత్సరమే ఫీనిక్స్ ఓపెన్ పోటీయందు జూలియస్ బోరోస్ ఆన్సర్ పటరుతో గెలిచెను. 1969లో జార్జి ఆర్చర్ దానితోనే అగస్టా నగరమున మాస్టర్స్ పోటీని గెలిచెను. నవ్విన నాపచేనే పండినది. పింగు పటరుతో పెద్ద పోటీని గెలిచిన ప్రతి క్రీడాకారునకు బంగారు పూత పూసిన పటరు నొకదానిని బహూకరించి, అట్టిదానినే మఱియొకటి సంస్థలో భద్రపఱచుట ఆచారమయ్యెను.

బరువును అంచులకు చేర్చు సూత్రమును అతడు పటరుతో నిలుపక, దూరము కొట్టు ఇనుప కఱ్ఱలకును వర్తింపజేసెను. 1982లో వెలువడిన అతని ఐ-2 కఱ్ఱలు ప్రసిద్ధికెక్కెను. వాని ముఖముపైనున్న చాళ్ళు నియమములకు విరుద్ధములని అమెరికా గోల్ఫు సంఘము ఆక్షేపింపగా, వివాదము న్యాయస్థానమువఱకు పోయి, 1990లో ఇరుపక్షముల ఒడంబడికతో ముగిసెను. ఆ సంవత్సరముననే అమెరికా, ఐరోపా ఖండముల మహిళా జట్ల నడుమ అతని పేర సోల్‌హైమ్ కప్పు పోటీ ఆరంభమయ్యెను. 2000వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన, 88 ఏండ్ల వయస్సున, సోల్‌హైమ్ ఫీనిక్స్ నగరమున మరణించెను. మరుసటి యేడు ప్రపంచ గోల్ఫు కీర్తిమందిరమున అతని పేరు చేర్చబడెను.

ఆన్సర్ రూపమును అనుసరించి ఇతర సంస్థలును పటరులు చేసినవి. టైగర్ వుడ్స్ తన గొప్ప విజయములలో అధికభాగము సాధించినది అట్టి రూపము గల పటరుతోనే. నేటి పటరులలో కొన్ని వెడల్పైన తలలు గలిగి, అంచులయందు టంగ్‌స్టన్ వంటి బరువైన లోహమును ధరించియున్నవి. రూపములు మాఱినను సూత్రము మాఱలేదు.

అయినను ఏ పటరును అభ్యాసము లేనివానిని నేర్పరిగ చేయజాలదు. నేల వాలును కనిపెట్టుట, దెబ్బ బలమును నిర్ణయించుట ఆటగాని పనియే. శ్రద్ధతో కొట్టినవాని చిన్న పొరపాటును మన్నించుట మాత్రమే మంచి పనిముట్టు చేయగల మేలు. తన చేతి తప్పును దాచుకొనక, దానినే పరిశీలించి, తనవంటి లక్షలాది సామాన్యులకు ఆ మేలు చేకూర్చుటయే సోల్‌హైమ్ జీవితము మనకు నేర్పు పాఠము.