ఫ్రాన్స్వా కెనే: వైద్యవిద్యనుండి యర్థశాస్త్రమునకు

మహాసభకు విచ్చేసిన సోదరులును, సంఘమును పోషించు దాతలును తీరికవేళ చదువుకొనుటకై యొక ప్రసిద్ధపురుషుని చరిత్రమును సంచికయం దుంచుట యాచారమై యున్నది. స్వదేశీయుల చరిత్రములే కాక పరదేశీయుల చరిత్రములును తెలిసికొనదగినవే యని తలచి, ఈ పర్యాయము ఫ్రెంచిదేశీయుడగు ఫ్రాన్స్వా కెనే యను నాతని జీవితమును మేము గ్రహించితిమి. ఇతడు పల్లెటూరి రైతుబిడ్డ, వృత్తిచే శస్త్రవైద్యుడు, అరువదియేండ్ల ప్రాయమున అర్థశాస్త్రమునందు ప్రవేశించి యా శాస్త్రమునకు మూలపురుషులలో నొకడయ్యెను. శరీరమును పరీక్షించిన కంటితోనే రాజ్యమును పరీక్షించుటచే నితనికి గొప్ప సత్య మొకటి గోచరించినది. గొప్ప పొరపా టొకటియు సంభవించినది. ఆ రెండును కృషికిని, చేతిపనులకును సంబంధించినవి గావున కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

కెనే 1694వ సంవత్సరము జూను 4వ తేదీని పారిసునగరమునకు పడమటనున్న మేరే యను పల్లెలో జన్మించెను. తండ్రి సేద్యమును, కొంత వ్యాపారమును చేసికొను గృహస్థు. సంతానము పెక్కురు. పదునొకండేండ్లు నిండువరకు ఈ బాలునికి అక్షరములు రావనియు, తోటమాలి యొకడు సేద్యమును గూర్చిన గ్రంథమునే యెదుటబెట్టి చదువు నేర్పెననియు చెప్పుదురు. పదుమూడవయేట తండ్రి గతించెను. 1711లో పారిసునకు బోయి, రాగిరేకులపై బొమ్మలు చెక్కు పనివాని యొకనియొద్ద శిష్యుడుగా చేరెను. ఆ పని నేర్చుకొనుచునే తీరికవేళలందు శస్త్రవైద్యమును, దానికి సంబంధించిన ఇతరవిద్యలను అభ్యసించెను. రేకుపై గీత గీయుట నేర్చిన యా చేయియే తరువాత నొకనాడు దేశసంపదకు పటము గీచినది గావున, చెక్కడపుపనిలో గడచిన యా యేండ్లు వ్యర్థమైనవని మే మనజాలము. 1717లో పారిసునందలి యొక వర్తకుని కుమార్తెను వివాహమాడి, మరుసటి సంవత్సరము పరీక్షయం దుత్తీర్ణుడై, మాంతు అను పట్టణమున శస్త్రవైద్యుడుగా స్థిరపడెను.

ఇచ్చట నాటి ఫ్రాన్సుదేశపు వైద్యుల స్థితిని కొంచెము చెప్పవలసి యున్నది. విశ్వవిద్యాలయములలో లాటినుభాష చదివి పట్టము పొందిన వైద్యులు కత్తి ముట్టక నాడి జూచి మందు వ్రాసెడివారు. కత్తి పట్టి పుండు కోయువారు, నెత్తురు తీయువారు, ఎముక కట్టువారు శస్త్రవైద్యులు. వీరిని మంగలులతో నొకే శ్రేణిలో జేర్చి, చేతిపనివారని వైద్యులు చులుకన చేయుచుండిరి. మనదేశమునను క్షురకవృత్తివారు కురుపులు కోయుట, మందులిచ్చుట చిరకాలముగా నున్నదే గదా! చేతితో జేయు విద్య తలతో జేయు విద్యకు తక్కువ యను భావము ఒక్కదేశమునకు చెందినది కాదు.

1727లో సిల్వా యను ప్రసిద్ధవైద్యుడు రక్తమోక్షణమును గూర్చి గొప్ప గ్రంథము ప్రకటించెను. చేతిసిరను గోసిన నొకవిధముగను, కాలిసిరను గోసిన మరియొకవిధముగను రక్తము మరలునని యాతని సిద్ధాంతము. మాంతులోని యీ చిన్న శస్త్రవైద్యుడు దానిని ఖండించుచు 1730లో తన గ్రంథమును వెలువరించెను. నెత్తురు ద్రవపదార్థము, గొట్టములలో ద్రవములు ప్రవహించు ధర్మములే దానికిని వర్తించును, ఎచ్చట గోసితిమను దానికంటె, మొత్తముమీద నెంత పోయెనను దానివలననే దేహమునకు మార్పు కలుగును. ఇది కెనే వాదముయొక్క సారము. విలియం హార్వే యను నాంగ్లేయుడు 1628లో రక్తప్రసరణమును లోకమునకు తెలిపి యప్పటికి నూరేండ్లు గడచినవి. ప్రసరణమును జలయంత్రశాస్త్రముతో జోడించి చూచుటయే కెనే విశేషము. 1736లో దేహవ్యవస్థను గూర్చి వ్రాసిన గ్రంథమునకు ప్రాణిశరీరపు టెకానమీ యని పేరు పెట్టెను. ఫ్రెంచిభాషలో నా మాట యప్పుడు గృహనిర్వాహమునకును, శరీరపు టేర్పాటునకును గూడ చెల్లుచుండెను. ఆ మాటయే తరువాత అర్థశాస్త్రమునకు పేరైనది.

ఈ గ్రంథములవలన నతని పేరు పారిసువరకు వ్యాపించెను. రాజుగారి ప్రధాన శస్త్రవైద్యులలో నొకడగు లాపెరోనీ యితనిని పిలిపించి, 1731లో నేర్పడిన శస్త్రవైద్యపరిషత్తునకు కార్యదర్శిగా జేసెను. శస్త్రవైద్యుల పక్షమున కెనే పెక్కేండ్లు వాదించెను. తుదకు 1743లో రాజాజ్ఞ వెలువడి శస్త్రవైద్యులు మంగలులనుండి వేరుచేయబడిరి. ఆ విద్యకు శాస్త్రగౌరవము లభించెను. ఈ విజయము మెచ్చదగినదే. కాని మంగలులను వెనుక విడిచి సంపాదించిన గౌరవ మని మేము మరువజాలము. తానే యొక చేతివృత్తికై పోరాడినవాడు కొంతకాలమునకు చేతివృత్తులవారి నందరినిగూర్చి యేమి వ్రాసెనో ముందు చూడగలరు.

1744లో నితడు వైద్యపట్టమును గూడ పొందెను. కీళ్లవాతముచే చేయి స్వాధీనము తప్పుటవలన కత్తి విడిచెనని చరిత్రకారులు చెప్పుదురు. 1749లో పదునైదవ లూయిరాజు ప్రియురాలగు పాంపదూరు దొరసానికి వైద్యుడై వెర్సేలు రాజప్రాసాదమున నివాస మేర్పరచుకొనెను. 1752లో యువరాజునకు మశూచికము వచ్చినప్పుడు జేసిన చికిత్సకు ప్రతిఫలముగా రాజుగారు ప్రభుపదవి నిచ్చి, మూడు పువ్వులుగల చిహ్నము నొసగిరి. ఆ పువ్వునకు ఫ్రెంచిభాషలో తలపు అను పేరు. తలపుగలవాడని రాజుగారే యితనిని పిలుచుచుండెడివారట. ప్రాసాదములో నితని గది చిన్నది, కప్పు తక్కువది. అయినను దిద్రో, దలాంబేరు, బుఫాను, తుర్గో మొదలగు పండితులందరును అచ్చట గూడి నిర్భయముగా మాటలాడుచుండిరి. తన పలుకుబడిని సొంతలాభమునకు వినియోగించుకొనలేదని యితనిని ఎరిగినవా రందరును చెప్పిరి.

అర్థశాస్త్రమున నితని ప్రథమవ్యాసము 1756లో విజ్ఞానసర్వస్వమున ప్రకటింపబడినది. అది రైతులను గూర్చినది. మరుసటి సంవత్సరమే ధాన్యములను గూర్చిన వ్యాసము వెలువడెను. అప్పటికి కెనేకు అరువదిరెండేండ్లు దాటినవి. గుఱ్ఱములతో విశేషపెట్టుబడి బెట్టి దున్ను ధనికరైతులకును, ఎద్దులతో పాలికి దున్ను బీదరైతులకును గల భేదమును లెక్కలతో చూపి, దేశము బీదయగుటకు కారణము రైతుచేతిలో పెట్టుబడి లేకపోవుటయే యని నిర్ధారించెను. గుఱ్ఱముకంటె ఎద్దు తక్కువ యను మాట మన రైతులకు రుచింపకపోవచ్చును. పశువులతో గాని విత్తనములతో గాని రైతు ముందుగా మదుపు పెట్టనిదే పంట రాదను మాటను మాత్రము ఎవరు కాదనగలరు?

1758వ సంవత్సరాంతమున నతడు వెర్సేలునందు తన ఆర్థికపటమును అచ్చొత్తించెను. ప్రతులు మిక్కిలి కొద్ది. ఈ పటము చూచుటకు విచిత్రముగా నుండును. నడుమ భూస్వామి, ఒకప్రక్క కర్షకుడు, మరియొకప్రక్క చేతిపనివాడు. వారి మధ్య వంకరటింకరగా గీతలు. 1759లో వెలువడిన మూడవ ముద్రణమున భూస్వామికి వచ్చిన శిస్తు 600 లీవ్రులని (అది నాటి ఫ్రెంచి ద్రవ్యమానము) పెట్టుకొనెను. ఆ భూస్వామి 300 ధాన్యాదులకు కర్షకునికిచ్చి, 300 వస్త్రాదులకు పనివానికిచ్చును. కర్షకుడు తనకు వచ్చిన 300లో 150 పనివానికిచ్చును. పనివాడు తన 300లో 150 తిండికై కర్షకునికిచ్చును. పిమ్మట 75, దానిలో సగము, మరల సగము. ఇట్లు క్రమముగా తగ్గుచు కర్షకునికి చేరిన మొత్తము 600 అగును. భూమి యా 600కు ప్రతిగా మరి 600 నికరముగా నిచ్చును గావున మరుసటి సంవత్సరము భూస్వామికి శిస్తు తప్పక ముట్టును. సొమ్ము ఒకచో నిలువక దేశమంతట తిరిగి మొదటిచోటికి వచ్చుచున్నదని ఒక్క కాగితముమీద చూపినవాడు ఈతనికి ముందు లేడు.

ఈ తలపు రక్తప్రసరణమునుండియే పుట్టినదని పెక్కుమంది వ్రాసిరి. బంతులు గాడులవెంట వంకరగా దొర్లు గడియారము వంటి యంత్రములను జూచి గీచెనని యింకను కొందరు పండితుల మతము. మాకు రెండును విరుద్ధములుగా దోపవు. శరీరమునే యంత్రముగను గొట్టములుగను భావించిన వైద్యు డితడు. అయితే వైద్యము పనిచేసినది గీతలయందుకంటె చికిత్సయం దెక్కువ యని మా యభిప్రాయము. పన్నులు రైతు మదుపుమీద పడినచో దేశమునుండి నెత్తురు తీసినట్లే. ఎచ్చట గోసితిరను ప్రశ్న కాదు, ఎంత పోయెనను ప్రశ్న. సిల్వాకు 1730లో చెప్పిన సమాధానమునే ముప్పదియేండ్లకు మంత్రులకు చెప్పెను. అందుచే రైతుపై గల నానావిధములగు పన్నులను దీసివేసి, భూమియొక్క నికరఫలముమీద నొక్క పన్నే వేయవలెననియు, ధాన్యమును స్వేచ్ఛగా కొనుటకును, అమ్ముటకును, ఎగుమతి చేయుటకును రాజు అడ్డుపడరాదనియు బోధించెను. మిరాబో ప్రభువు 1757లో నితనికి శిష్యుడై, 1760లో పన్నులనుగూర్చి గ్రంథము వ్రాసి కొన్నిదినములు చెరసాలను చవిచూచెను. ద్యూపాను మున్నగువారు చేరిన పిమ్మట ఈ పండితుల గుంపునకు ప్రకృతిపాలనవాదు లను నర్థముగల పేరు వచ్చెను.

ఇక పొరపాటు. నికరఫలము నిచ్చునది భూమి యొక్కటే యని కెనే సిద్ధాంతము. ఒక గింజ నాటిన పెక్కు గింజలు వచ్చును. నేతగాడు నూలును బట్టగా మార్చునేకాని పదార్థమును పెంచడు. వాడు తిన్నంత విలువయే వాని పనిలో చేరును. కాబట్టి చేతిపనివారును వర్తకులును వంధ్యవర్గము, అనగా గొడ్డువర్గము. వారు పనికిమాలినవారని యితడనలేదు. వారివలన సంపద పెరుగదని మాత్రమే యనెను. అయినను మాట మాటయే! శరీరమునకు ఆహారము వెలుపలినుండి రావలసినదే. అవయవములు దానిని మార్చి పంచుకొనునే కాని కొత్తగా సృజింపవు. ఆ దృష్టితో చూచిన వైద్యునకు దేశములో భూమి యొక్కటే యన్నదాత గాను, తక్కినవా రందరును దాని నరగించు అవయవములుగాను తోచుట వింతకాదు. ఒక శాస్త్రమునుండి తెచ్చిన ఉపమానము దారి చూపినచోటనే గోడయు కట్టినది. మగ్గము, కొలిమి, సారె నమ్ముకొన్న లక్షలాది కుటుంబముల శ్రమ యితని లెక్కలో సున్నయైనది. చేతివిద్యకు గౌరవము కోరి పండితులతో పోరాడిన శస్త్రవైద్యుడే యిట్లు వ్రాయుట మాకు కష్టముగా నున్నది.

సిద్ధాంతము రాజ్యాంగమునకు నెక్కినది. 1763, 1764 సంవత్సరములలో ఫ్రెంచి ప్రభుత్వము ధాన్యవ్యాపారమునకు స్వేచ్ఛ నొసగెను. పిమ్మట పంటలు చెడినవి, ధరలు పెరిగినవి, పట్టణములలోని బీదలు రొట్టెకు మొగము వాచిరి. 1770లో ప్రభుత్వము స్వేచ్ఛను రద్దుచేసెను. కెనే మిత్రుడగు తుర్గో 1774లో మంత్రియై మరల నెలకొల్పగా, 1775 వసంతమున పిండికై పలుచోట్ల అల్లరులు చెలరేగెను. దీర్ఘకాలమున రైతు బాగుపడునను మాట నిజమే కావచ్చును. ఆకలిగొన్నవాడు దీర్ఘకాలము వేచియుండజాలడు. రోగి ధాతువు నెరిగి మందు మోతాదు నిర్ణయించిన వైద్యునికి ఈ సంగతి తోచకుండుట ఆశ్చర్యము.

1766లో ఆడం స్మిత్తు పండితుడు తన శిష్యుడగు బక్ల్యూ ప్రభువుతో పారిసున నుండెను. ప్రభువునకు జ్వరము రాగా చికిత్సకై పిలువబడినవాడు కెనేయే. ఇద్దరు పండితులకును స్నేహము కుదిరెను. స్మిత్తు 1776లో ప్రకటించిన మహాగ్రంథమును, కెనే జీవించియున్నచో నతనికే యంకితము చేయదలచెనని చెప్పుదురు. ఆ గ్రంథముననే స్మిత్తు ఇతని తప్పును వైద్యుని యుపమానముతోనే దిద్దెను. కచ్చితమైన పథ్యము లేనిదే దేహము నిలువదని కొందరు వైద్యులు తలంతురు. కాని అపథ్యమును గూడ సహించి కోలుకొను శక్తి దేహమునందే యున్నది. ప్రజలు తమ స్థితిని బాగుచేసికొన యత్నించుటయే దేశమున కట్టి శక్తి యని యాతని భావము. వంధ్య యను మాటపైనను సరియైన జవాబు చెప్పెను: తల్లిదండ్రుల స్థానమున ఒక కొడుకును ఒక కూతురును మాత్రమే పుట్టిన వివాహమును గొడ్డని యెవరనుదురు?

కెనే వృద్ధాప్యమున రేఖాగణితముపై బడి, వృత్తమును చతురస్రము చేయు విధము కనుగొంటినని 1773లో నొక గ్రంథము వ్రాసెను. అది తప్పుత్రోవ, మిత్రులు సిగ్గుపడిరి. 1774 డిసెంబరు 16వ తేదీని వెర్సేలునందు నెనుబదవయేట మరణించెను.

అతని తలపులు మాత్రము దూరము పయనించెను. ఫిలిప్పు ఫ్రాన్సిసు అను నాతడు ప్రకృతిపాలనవాదుల గ్రంథములను జదివినవాడు. భూమిశిస్తును శాశ్వతముగా నిర్ణయించి భూస్వాములకు స్థిరత్వము కల్పించిన వ్యవసాయము వృద్ధియగునని 1776లో వంగదేశమునకై యొక ప్రణాళిక వ్రాసెను. 1793లో కారన్‌వాలిసు స్థాపించిన శాశ్వత పైసలాకు వెనుక నా యాలోచనల ఛాయ యున్నదని చరిత్రకారులు నిరూపించిరి. ఆ పద్ధతియే 1802లో మన ఉత్తరసర్కారులకు వచ్చి, 1948నాటి మద్రాసు చట్టముతో రద్దగువరకు జమీందారీగా నిలిచెను. ఫ్రాన్సులో రైతు మదుపును కాపాడదలచిన సిద్ధాంతము, సముద్రము దాటివచ్చి శిస్తు వసూలుచేయువానిని కాపాడినది.

పటముయొక్క గతి వేరు. కారల్ మార్క్సు దానిని మిక్కిలి మెచ్చుకొని తానును ఒక పటము వ్రాసికొనెను. తొలినాటి ముద్రణపు ప్రతులు చాలకాలము కనబడక, కడపట బావరు అను పండితునిచే మిరాబో కాగితములలో బయల్పడి 1894లో లండనున పునర్ముద్రితమైనవి. 1936లో వాసిలీ లియొంటీఫు అను రష్యాదేశీయుడు అమెరికాలోని పరిశ్రమల లెక్కలు కూర్చి, కెనే పటమునే పెద్దయెత్తున తిరిగి వ్రాయుచున్నానని చెప్పుకొనెను. 1973లో నందులకు నోబెలు బహుమానము పొందెను. ఆ పట్టికయందు ప్రతి వృత్తికిని అడ్డముగా నొక వరుసయు, నిలువుగా నొక వరుసయు గలవు. పొలమునకు ఎన్ని గళ్లో కొలిమికిని మగ్గమునకును అన్నియే. గొడ్డువర్గమునకు మాత్రము గడి లేదు.